ఏరేటర్లు ఆగిన చెరువు

టీ ముట్టకుండానే చల్లారిపోయింది. తాగాల్సిన మనిషే లేడు.

నిడదవోలు జంక్షన్ వెయిటింగ్ హాల్లో, ఫ్యాను కింద కుర్చీలో, కిరణ్ కుమార్ కునుకు తీస్తున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. మెడ పక్కన చిన్న ఎర్రటి చుక్క. దోమ కుట్టిందనుకోవచ్చు. రైల్వే డాక్టరు గుండెపోటన్నాడు. విజయ్ పాల్ మాత్రం వంగి ఆ చుక్కని ఇంకోసారి చూశాడు. సూది మందుతో చంపేవాళ్ళ చేతిపని అతనికి కొత్త కాదు.

కిరణ్ కుమార్ కూడా విజయ్ పాల్‌లాగే గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి. విశాఖ నుంచి సెలవు మీద సొంత ఊరొచ్చిన ఇంజనీర్ రమేష్ బాబుని కంటికి రెప్పలా కాచుకోవడమే అతని డ్యూటీ. ఇప్పుడు కాపలా కాయాల్సినవాడు కుర్చీలో శవమయ్యాడు. రమేష్ బాబు ఎక్కడా లేడు.

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద చీఫ్ జగన్నాథరావు వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. చెడ్డవార్త చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయనకది అలవాటు. వార్త ఎంత చెడ్డదైతే అన్ని కాయలు. ఆ పూట ఆయన కాళ్ళ దగ్గర తొక్కలు గుట్ట పడి ఉన్నాయి.

"కూర్చో. రమేష్ బాబు సోనార్ మనిషి. మన సబ్‌మెరైన్లు ఏం వింటాయో, ఎంత దూరం నుంచి వింటాయో అంతా అతని బుర్రలో ఉంది. కాగితం మీద పెట్టనివ్వలేదు మనం. అందుకని వాళ్ళు మనిషినే ఎత్తుకుపోయారు."

"ఎవరు సర్?"

"పెలికాన్ రింగ్. వాళ్ళకి ఫలానా దేశమని లేదు. ఎవరు కొంటే వాళ్ళకి అమ్ముతారు."

"ఎక్కడ పెట్టారు?"

"భీమవరం అవతల. నీలసంద్రం మెరైన్ ఎక్స్‌పోర్ట్స్ అని రొయ్యల కంపెనీ. ఆఫీసు, ఐస్ ఫ్యాక్టరీ, ప్యాకింగ్ షెడ్లు, అక్కణ్ణుంచి ఉప్పుటేరు దాకా చెరువులే చెరువులు. ఏ మూల దాచారో తెలీదు. మనం మందీ మార్బలంతో గేటు దాటేలోపు అతని పని అయిపోతుంది. సముద్రంలో అల్పపీడనం ఉంది కాబట్టి వాళ్ళ బోటు ఆగింది. అది తేలిపోయేదాకే మనకి టైము."

"నేను ఏ వేషంలో వెళ్ళాలి?"

"మీ అమ్మగారు ఇంగ్లిష్ టీచరు కదూ? కంపెనీ స్టాఫ్ రాసే ఈమెయిళ్ళు అర్థంకాక బయటిదేశాల బయ్యర్లు గోల పెడుతున్నారట. బిజినెస్ ఇంగ్లిష్ నేర్పే మనిషి కావాలన్నారు. రేపటి నుంచి ఆ మాస్టారువి నువ్వే. మొదటి పాఠం రిలేటివ్ క్లాజులు. లోపల మనకి ఒక మనిషి ఉంది. ఎక్స్‌పోర్ట్ మేనేజర్ వినీల. మీ ఊళ్ళో వానలు పడ్డాయా అండీ అంటుంది. మా ఊళ్ళో గొడుగులు అమ్మరండీ అను."

విజయ్ పాల్ లేవబోయాడు. చీఫ్ ఒలవడం ఆపాడు.

"నీకూ రమేష్ బాబుకీ..."

"ఒకే బెంచీ సర్. పదో క్లాసు దాకా. ఇక్కడే, మిషన్ స్కూల్లో."

"తెలుసు. అందుకే నీకే చెబుతున్నాను. బతికుండగా తీసుకురా. కుదరకపోతే..." చీఫ్ జేబులోంచి ఒకే ఒక తూటా తీసి తొక్కల పక్కన పెట్టాడు. "అతను మాత్రం సముద్రం దాటకూడదు."

విజయ్ పాల్ దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అంత చిన్న ముక్క అంత బరువుంటుందని అతనెప్పుడూ అనుకోలేదు. క్రిస్మస్ ముందు చర్చి క్వైర్‌లో పక్కపక్కన నిలబడి, గొంతు కలవక, పాస్టరుగారితో చీవాట్లు తిన్న ఇద్దరిలో ఒకడు ఇతను, రెండోవాడు రమేష్. ఆ రెండోవాడి పేరు మీద ఇప్పుడు తూటా రాసిపెట్టి ఉంది.

మర్నాడు కంపెనీ మెట్లెక్కిన మాస్టారిని చూస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. చెంపల దగ్గర నెరుపు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, మధ్యమధ్య పొడిదగ్గు, జేబులో మూడు బోర్డు మార్కర్లు. పచ్చదాంట్లో మైక్ ఉంది. ఎర్రదాని మూత తిప్పితే పొగ వస్తుంది. నల్లదానితో మాత్రం నిజంగానే రాయొచ్చు.

ట్రైనింగ్ హాలు తలుపు తెరుచుకోగానే రొయ్యల వాసనని పక్కకి తోసేసి ఒక సెంటు వాసన లోపలికొచ్చింది. వెనకాలే వినీల వచ్చింది. గంధం రంగు షిఫాన్ చీర, తల మీదికి ఎత్తిపెట్టిన నల్లద్దాలు, తొందరంటే ఏంటో తెలియని నడక. కుర్రకారు సంగతి సరే, పదవీ విరమణకి దగ్గరపడ్డ అకౌంటెంటుగారు కూడా కాలరు సర్దుకున్నాడు.

"మీ ఊళ్ళో వానలు పడ్డాయా అండీ మాస్టారూ?"

"మా ఊళ్ళో గొడుగులు అమ్మరండీ."

ఆమె నవ్వింది. హాజరుపట్టీ అందిస్తున్నట్టు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఐస్ ఫ్యాక్టరీ. అమ్మోనియా ప్లాంటు వెనక గది. ఆ వైపు ఎవర్నీ రానివ్వరు. రేపు మధ్యాహ్నం బోటెక్కిస్తారు."

పచ్చ మార్కర్ ఆ మాటల్ని చీఫ్‌కి చేరవేసింది. రేపు ఉదయమే కమాండోలు ఐస్ ఫ్యాక్టరీని చుట్టుముడతారని జవాబొచ్చింది. పని ఇంత తేలిగ్గా అయిపోతోందంటే విజయ్ పాల్‌కి ఎందుకో మనసు మనసులో లేదు. అయినా మాస్టారన్నాక పాఠం చెప్పక తప్పదు కదా.

"మనం 'నిన్న వచ్చిన లారీ' అంటాం" అన్నాడు బోర్డు దగ్గర. "సంగతి ముందు చెప్పి, లారీని చివర చూపిస్తాం. ఇంగ్లిష్‌వాడు ముందు లారీని తెచ్చి నిలబెడతాడు. సంగతిని వెనక తోకలా తగిలిస్తాడు. ద లారీ దట్ కేమ్ యెస్టర్‌డే. మనిషైతే హూ, వస్తువైతే విచ్, చోటైతే వేర్. రోజూ రాసుకునే మెయిళ్ళలో చాలా మటుకు దట్‌తో నెట్టుకొస్తారు. ఒక్కోసారి అదీ ఎగరేస్తారు."

"తోక పెట్టకపోతే ఏమవుద్దండి?" వెనక వరసలోంచి లేచి అడిగాడు అబ్బులు. చెరువుల మీద సూపర్‌వైజరు. భారీ మనిషి, కుర్చీలో సగమే పట్టాడు.

"నాలుగు లారీలు పంపి, లారీలో సరుకు పాడైందని రాశావనుకో. ఏ లారీ అని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"ఆయ్! పోయిన నెల అదే అయ్యిందండి. మంచి లారీ ఎనక్కి పంపేశారండి" అన్నాడు అబ్బులు. హాలంతా గొల్లుమంది.

ఆ సాయంత్రానికి క్లాసుకి వాట్సాప్ గ్రూపు పుట్టింది. ఎవరి పని గురించి వాళ్ళు హూ, విచ్, వేర్ పెట్టి వాక్యాలు రాసి అందులో పెట్టాలి. ఇదే హోంవర్కు. పైకి చూస్తే ఇంతే.

లోపలి సంగతి వేరు. విజయ్ పాల్ ఎంతమందినో ప్రశ్నించినవాడు. చెప్పకూడదనుకున్న మాటని ఎంత అమాయకుడైనా పళ్ళ బిగువున దాచుకుంటాడు. అందరికీ తెలిసిందే కదా అనుకున్న సంగతిని మాత్రం ఎవరూ దాచరు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అలాంటి సంగతులు వెళ్ళి చేరే చోటు ఆ తోకే. అందుకని అతను వాక్యాల తలలు వదిలేసి తోకలు చదవడం మొదలుపెట్టాడు.

టింగుమని ఒకటి, టింగుమని ఇంకొకటి. 'ద డ్రైవర్ హూ ఈజ్ మేనేజర్స్ బామ్మర్ది ఈజ్ ఆల్వేస్ లేట్.' డ్రైవరు లేటుగా వస్తాడన్నది ఫిర్యాదు. బామ్మర్ది అన్నది లోకం మొత్తానికి తెలిసిన విషయం. విజయ్ పాల్ నవ్వుకుని కిందికి జరిపాడు. తర్వాతది ప్యాకింగ్ షెడ్డు రత్తమ్మది. చదివి నవ్వు ఆపేశాడు.

'ద రూమ్ బిహైండ్ అమ్మోనియా ప్లాంట్, వేర్ వుయ్ ఆల్ ఈట్ లంచ్, హాజ్ నో ఫ్యాన్.'

ఆ గదికి ఫ్యాను లేదన్నది రత్తమ్మ గోడు. అందరూ రోజూ అక్కడే అన్నాలు తింటారన్నది ఆమె తోకలో పెట్టిన ముక్క. షెడ్డులో ఆడవాళ్ళంతా క్యారేజీలు విప్పుకుని కూర్చునే చోట ఒక మనిషిని బందీగా ఎలా దాస్తారు?

అతను వినీల రాసింది వెతికాడు. 'ద గర్ల్ హూ సింగ్స్ వెల్ ఈజ్ మై ఫ్రెండ్.' అచ్చంగా స్కూలు పుస్తకంలో వాక్యం. తన ఆఫీసు లేదు, తన పని లేదు, తన ఊరు లేదు. కంపెనీ మొత్తంలో దాచుకోవాల్సింది ఏదో ఉన్న మనిషి ఆమె ఒక్కతే కనబడింది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"వినీల మూడేళ్ళుగా మన మనిషి విజయ్. రత్తమ్మ అన్నం తినే చోటు చూసి ఆపరేషన్ మార్చమంటావా?"

"మార్చండి సర్."

అవతల కాయ చిట్లిన చప్పుడైంది. "నీ దగ్గర వేరే చోటు ఉంటే చెప్పు, మారుస్తా. లేకపోతే నువ్వు నీ క్లాసులో ఉండు."

వేరే చోటు అతని దగ్గర లేదు. అదే అతన్ని తినేసింది.

మర్నాడు పొద్దున ఆకాశం నల్లగా కిందికి దిగి కూర్చుంది. వానా లేదు, గాలీ లేదు. కిటికీ అవతల కొబ్బరాకు కూడా కదలడంలేదు. అలాంటి రోజు రొయ్యల రైతుకి వణుకు. ఎండ లేక, గాలి లేక, నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. రొయ్యలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. అందుకే మబ్బు పట్టిందంటే చాలు, ప్రతి చెరువులోనూ ఏరేటర్ల చక్రాలు నీళ్ళని చిలకడం మొదలుపెడతాయి. కరెంటు పోతే జనరేటర్ పెట్టి మరీ తిప్పుతారు. ఆ పొద్దున భీమవరం చుట్టూ నేల మొత్తం హోరెత్తిపోతోంది. ఆ హోరులోనే విజయ్ పాల్ క్లాసుకొచ్చాడు. వినీల ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని ఉంది. అబ్బులు కుర్చీ ఖాళీగా ఉంది.

టింగ్.

'సారీ సర్, నాట్ కమింగ్. ఎయిత్ పాండ్, వేర్ ఏరేటర్స్ ఆర్ స్టాప్డ్ ఫ్రమ్ లాస్ట్ వీక్, ఈజ్ మై డ్యూటీ టుడే.'

క్లాసుకి రాలేకపోతున్నానని చెప్పుకున్నాడు, అంతే. విజయ్ పాల్ మాత్రం చేతిలో మార్కర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని చిన్నాన్నకి చెరువులుండేవి. ఇలాంటి మబ్బులో ఏరేటర్లు ఆపి కూర్చునే మనిషి ఈ చుట్టుపక్కల పుట్టలేదు. చెరువుకి వైరస్ వచ్చిందా? వస్తే ఆ పూటే వలలేసి పట్టుబడి చేసి, దొరికినంత సరుకు తెగనమ్ముకుంటారు. నీళ్ళు నిండుగా ఉంచి, చక్రాలు ఆపి, కాపలా పెట్టడమంటే ఆ నీళ్ళలో రొయ్య లేదు. గట్టు మీద షెడ్డులో ఇంకేదో ఉంది. ఇంకెవరో ఉన్నారు.

తలెత్తాడు. వినీల కూడా ఫోన్ చూస్తోంది. ఆమె పెదవుల మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

"ఎక్స్‌క్యూజ్ మీ మాస్టారూ, బయ్యర్ కాల్ అండీ" అంటూ లేచి వెళ్ళింది. ఇంకో నిమిషానికి బయట కారు స్టార్టైంది.

ఆ ఒక్క వాక్యం రాసిన పాపానికి అబ్బులు ప్రాణం కూడా ఇప్పుడు ఆ గట్టు మీదే ఉంది. రాయమన్నది తను.

"అందరూ రెండో ఎక్సర్‌సైజ్ చెయ్యండి" అని చెప్పి, విజయ్ పాల్ అకౌంటెంటుగారి మోటారుసైకిల్ తాళం టేబుల్ మీది నుంచి తీసుకుని బయటికి పరిగెత్తాడు. చీఫ్ ఫోన్ కలిసింది. "ఎనిమిదో చెరువు సర్. ఉప్పుటేరు పక్క."

"కమాండోలు ఐస్ ఫ్యాక్టరీ లోపలున్నారు. రావడానికి టైము పడుతుంది." ఆయన గొంతులో మొదటిసారి తడబాటు వినబడింది. "విజయ్... నీ దగ్గర అది ఉందిగా?"

"ఉంది సర్."

ఒకటో చెరువు, రెండో చెరువు, మూడో చెరువు. గట్ల మధ్య మట్టిబాట మీద బండి ఎగిరెగిరి పడుతోంది. రెండు వైపులా చక్రాలు తెల్లటి నురగ చిమ్ముతున్నాయి. ఏడో చెరువు దాటగానే హోరు వెనకబడింది. ఎదురుగా బూడిదరంగు నీళ్ళు, కదలిక లేకుండా. ఆ నిశ్శబ్దంలో తన బండి చప్పుడొక్కటే మిగిలింది.

గేటు దగ్గర వినీల కారు తలుపు తెరిచి ఉంది. విజయ్ పాల్ ఆగని బండి మీంచే దూకేశాడు, అది గట్టు జారి చెరువులో పడింది. కరెంటు పానెల్ బోర్డు పక్కన నేల మీద అబ్బులు పడి ఉన్నాడు. తల మీంచి నెత్తురు కారుతోంది, కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మాస్టారండీ... మేడంగారు కొట్టారండి. లోపల మనిషి ఉన్నాడండి. నాకు వైరస్ చెరువని చెప్పారండి, దగ్గరికెళ్ళొద్దన్నారండి..."

"మాట్లాడకు అబ్బులూ."

చెరువులో మేత చల్లే పడవ అవతలి గట్టు వైపు పోతోంది. దానికి మోటారు బిగించారు. ముందు ఇద్దరు పొడుగాటి మనుషులు, వెనక వినీల. మధ్యలో చేతులు వెనక్కి కట్టేసి, నోటికి టేపు వేసి, రమేష్ బాబు. గడ్డం మాసింది. కుడి భుజం వాల్చి కూర్చునే తీరు మాత్రం మారలేదు. అవతలి గట్టుకి ఆనుకునే ఉప్పుటేరు, అందులో స్పీడ్‌బోటు ఇంజను గురగురమంటోంది. అక్కడికి చేరితే సముద్రం చేరినట్టే.

గట్టు చుట్టి పరిగెత్తితే అందడు. విజయ్ పాల్ ఆ ఒక్క తూటాని నడుం దగ్గర దాచిన పిస్టల్లో పెట్టి గురి చూశాడు. గురిలో నిలిచింది వినీల కాదు. ఆమెని కొట్టినా పడవ ఆగదు. ఆర్డరు ప్రకారం నిలవాల్సిన తలే గురిలో నిలిచింది.

రమేష్ బాబు ఇటే చూస్తున్నాడు. నెరుపు, కళ్ళద్దాలు ఏవీ అతన్ని మోసం చెయ్యలేదు. గుర్తుపట్టాడు. గురి కూడా ఎవరి మీదో అర్థం చేసుకున్నాడు. తల పక్కకి తిప్పుకోలేదు. నెమ్మదిగా, ఒక్కసారి, ఊపాడు.

విజయ్ పాల్ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు. దేవా, ఇంకో దారి చూపించు అనుకున్నాడు. చిన్నప్పుడు పరీక్ష హాల్లో అనుకున్నట్టే.

వినీల కాల్చింది. గుండు పానెల్ బోర్డు అంచుకి తగిలి రేకు ఖణేల్‌మంది. విజయ్ పాల్ చూపు ఆ బోర్డు మీద పడింది. అక్కణ్ణుంచి నీళ్ళ మీదికి పోయింది. చెరువులో ఏరేటర్లు తీసెయ్యలేదు, ఆపారంతే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన నైలాన్ తాళ్ళకి వరసగా తేలుతున్నాయి. తాళ్ళు వదులుగా నీళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి కాబట్టే పడవ వాటి మీంచి పోగలుగుతోంది.

"అబ్బులూ, కరెంటు ఉందా?"

"ఉందండి. షెడ్డులో ఏసీ పెట్టారు కదండి!"

ఎర్ర మార్కర్ మూత తిప్పి విసిరాడు. గట్టు మీద పొగ లేచింది. ఆ పొగలోంచే బోర్డు మీద స్విచ్చులన్నీ ఒక్క ఊపులో పైకి తోశాడు.

ఎనిమిదో చెరువు గావుకేక పెట్టింది. చక్రాలన్నీ ఒక్కసారి నీళ్ళని కొట్టాయి. ఏరేటర్లు ముందుకి తన్నుకోగానే తాళ్ళు బిగుసుకుని పైకి లేచాయి. ఒకటి పడవ మోటారుకి చుట్టుకుంది. ఇంకొకటి పడవ అంచుని పట్టి లాగింది. అవతలి గట్టు చేతికందే దూరంలో ఉందనగా పడవ పక్కకి ఒరిగి నలుగురినీ నీళ్ళలో కుమ్మరించింది.

పొడుగు మనుషులిద్దరూ మునిగిపోతున్నామని వాళ్ళ భాషలో కేకలు పెట్టి తాళ్ళని కావిలించుకున్నారు. రొయ్యల చెరువు లోతు రొమ్ముల దాకా ఉంటే గొప్ప. ఆ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. చేతులు కట్టేసి ఉన్నవాడికి మాత్రం ఆ లోతే ఎక్కువ. విజయ్ పాల్ దూకాడు. బురదలో కాళ్ళు దిగబడుతుంటే ఈదినంత, నడిచినంత వెళ్ళి, నురగ కింద చెయ్యి పెట్టి వెతికాడు. చొక్కా కాలరు చేతికి తగిలింది. పైకి లాగి టేపు పీకాడు. రమేష్ బాబు దగ్గి, నీళ్ళు కక్కి, ఊపిరి తీశాడు.

వినీల మోకాళ్ళ లోతు బురదలో కూరుకుపోయి, షిఫాన్ చీర ఏరేటర్‌కి చుట్టుకుని, కదల్లేక నిలబడి ఉంది. కమాండోల జీపులు గట్టెక్కాయి. పిస్టల్ ఆమె చేతిలోనే ఉంది గానీ పట్టుకున్నంత మాత్రాన లాభం లేదని ఆమెకీ తెలిసింది.

"మీ ఊళ్ళో గొడుగులు అమ్మరన్నారు" అంది పళ్ళు నూరుతూ.

"ఈ ఊళ్ళో ఏరేటర్లు అమ్ముతారండీ" అన్నాడు విజయ్ పాల్.

స్పీడ్‌బోటు ఉప్పుటేరు మలుపు తిరగకుండానే చిక్కింది. అబ్బులు తలకి కుట్లు పడ్డాయి. స్పృహ తప్పకుండా, డాక్టరుగారికి చెరువు కథ రెండుసార్లు చెప్పాడట. కిరణ్ కుమార్‌ని పొడిచిన సూది వినీల హ్యాండ్‌బ్యాగులో దొరికింది. చీఫ్ దాన్ని చూసి వేరుశెనక్కాయల పొట్లం విప్పాడు. మూడేళ్ళు నమ్మిన మనిషి మరి.

అంబులెన్సు మెట్ల మీద రమేష్ బాబు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. విజయ్ పాల్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. మిషన్ స్కూలు బెంచీ కన్నా ఇరుకు.

"నీకిచ్చిన ఆర్డరు ఏంటిరా?" అడిగాడు రమేష్ బాబు, ఎటో చూస్తూ.

"నిన్ను బతికుండగా తీసుకురమ్మన్నారు."

"అంతేనా?"

విజయ్ పాల్ జేబులో చెయ్యి పెట్టాడు. పిస్టల్లోంచి తీసేసిన తూటా తడిసి, చల్లగా తగిలింది.

"అంతే."

రమేష్ బాబు దుప్పటి అంచు తీసి విజయ్ పాల్ భుజం మీద కూడా కప్పాడు.

అప్పుడు టింగుమని వాట్సాప్ గ్రూపు మోగింది. అబ్బులు, ఆసుపత్రి మంచం మీంచి:

'ద టీచర్ హూ కేమ్ ఫర్ ఇంగ్లిష్ ఈజ్ పోలీస్. ద మేడం హూ సింగ్స్ వెల్ ఈజ్ ఇన్ జైల్. అకౌంటెంట్ సార్, హూజ్ బైక్ ఈజ్ ఇన్ ఎయిత్ పాండ్, ఈజ్ ఆస్కింగ్ వెన్ ఈజ్ నెక్స్ట్ క్లాస్.'